మిల్లు కప్పు మీద బాణం

1962లో నాకు ఇరవయ్యారేళ్ళు. గుడివాడలో బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. సోడా షాపులు, బట్టల కొట్లు, డాక్టర్ల పేర్లు, ఏది చెప్తే అది. నా చేతిరాత మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు దివిసీమలో వరికి పురుగు పట్టింది. విమానంతో మందు చల్లిస్తామని, అవనిగడ్డకు దక్షిణాన నాలుగు మైళ్ళలో గ్రావెల్ పరిచి ఎయిర్‌స్ట్రిప్ వేశారు. అంటే విమానం దిగడానికి చదును చేసిన బాట. పైనుంచి చూస్తే సీమంతా ఒకటే పచ్చ, ఏ ఊరేదో పోల్చుకోలేరు. అందుకని ఒక పెద్ద కప్పు మీద ఊరి పేరు, స్ట్రిప్ వైపు బాణం, ఎన్ని మైళ్ళో అంకె రాయిస్తారు. దాన్ని ఎయిర్ మార్కింగ్ అంటారు. ఆ పని నాకొచ్చింది. అవనిగడ్డలో అంత పెద్ద కప్పు రాఘవయ్యగారి రైసుమిల్లుదే. స్ట్రిప్ పని చూసే ఓవర్సీరుగారు కంపాస్ పెట్టి, దారం లాగి, బాణం ఎటుండాలో సుద్దగీత గీసి వెళ్ళారు.

రేకుల తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, తెల్ల ఎనామెల్‌తో మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలు రాశాను. బాణం దగ్గరికొచ్చేసరికి రాఘవయ్యగారు నిచ్చెన కింద నిలబడ్డారు.

"అబ్బాయ్, మిల్లు నెత్తిన దక్షిణానికి బాణమేంటయ్యా? యముణ్ణి పిలిచినట్టుంటది. కాస్త తూర్పుకి తిప్పు."

ఓవర్సీరుగారు ఒప్పుకోరన్నాను. ఆయనొచ్చి పైకెక్కి చూస్తాడా అన్నారు. రెండు పూటలా ఇంట్లో అన్నం పెట్టించిన మనిషి. పైగా మా బోర్డుల్లో బాణం అటూఇటూ అయితే కొంపలేం మునగవు. బోర్డు చూసి నాలుగడుగులు వేసినవాడు ఎవరో ఒకర్ని అడక్క మానడు. మిగతా దారి టీకొట్టువాడు చెప్తాడు. సుద్దగీత తుడిచేసి, బాణం మొన మూడు మూరలు తూర్పుకు జరిపాను.

ఆ తూర్పున ఏముందో నేను ఆలోచించలేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన సిమెంటు స్ట్రిప్ ఒకటుంది. కోడూరు వైపు ఆడవాళ్ళు దాని మీద చాపలు పరిచి చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు. ఆ బురద నేలలో అంత పొడి చోటు వాళ్ళకు మరెక్కడా లేదు.

మొదటిరోజు విమానం నడిపినతను ఆ ప్రాంతానికి కొత్త. బాణం పట్టుకుని వెళ్ళాడు. తడిసిన గ్రావెల్ బాట కంటికి ఆనలేదు, తెల్లటి సిమెంటు కనిపించింది. అక్కడే దిగాడు. చప్పుడుకి ఆడవాళ్ళంతా పొలాల్లోకి పరిగెత్తారు. నాగమ్మ అనే ఆవిడ తన చాపలు తీసుకుందామని వెనక్కి వెళ్ళింది. విమానం ఆవిణ్ణి గుద్ది, పక్కకు తిరిగి, కాలవలో పడింది. ఆవిడ అక్కడికక్కడే పోయింది.

కబురు తెలిసిన గంటలో రాఘవయ్యగారు నా కోసం గుడివాడకు కారు పంపారు. విచారణకు ఆఫీసర్లు ఎల్లుండి వస్తారట. నేను మళ్ళీ కప్పెక్కాను. తప్పు బాణం మీద ఎర్రరంగు కొట్టి, దక్షిణానికి సరైన బాణం వేశాను. భయంతో చేశాను. ఆ భయం నాగమ్మ గురించి కాదు, నా గురించి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆఫీసర్లు కంపాస్ పెట్టి చూశారు. బాణం సరిగ్గా ఉందని రాసుకున్నారు. తప్పంతా విమానం నడిపినతని మీదికి వెళ్ళింది. లైసెన్సు పోయిందని తర్వాత తెలిసింది.

వాళ్ళు రాసుకుంటుంటే అతను చేతికి కట్టుతో మిల్లు వాకిట్లో కూర్చున్నాడు. తెలుగువాడే, నా వయసే. లేచి నా దగ్గరికొచ్చాడు.

"ఏమండీ, ఈ బాణం రాసింది మీరేగా? నేను చూసినప్పుడు ఇది ఇలాగే ఉందాండీ?"

నా గోళ్ళలో ఇంకా ఎనామెల్ ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇలాగే ఉందండి" అన్నాను.

అతను కప్పు వైపు చూసి, తల వంచుకుని వెళ్ళి కూర్చున్నాడు. తన కళ్ళే తనను మోసం చేశాయని నమ్మినట్టున్నాడు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బోర్డులు రాశాను. ఎవరెంత చెప్పినా బాణం వెంట్రుకవాసి జరపలేదు. కానీ ఆ జాగ్రత్త ఎవరికి పనికొచ్చింది? బోర్డు తప్పయితే మనిషి ఎవర్నో అడుగుతాడు కదా అనుకున్నాను. ఆకాశంలో అతనికి అడగడానికి ఎవరూ లేరు. నేల మీదికొచ్చాక నన్నే అడిగాడు. నేను నిజం చెప్పలేదు.