గోడాయన రెండో భాగం

ఆ రోజుల్లో సినిమా చూడటంతో నా పని సగమే అయ్యేది. చూసొచ్చి చెప్పడం మిగతా సగం. ఇప్పుడు మా కాలేజీ పిల్లల ముందు కొత్త సినిమా ఊసెత్తితే చాలు, 'సార్, చెప్పొద్దు సార్!' అని చెవులు మూసుకుంటారు. మా యూనివర్సిటీ హాస్టల్లో అలా కాదు. ఒకడు పొద్దుటి ఆట చూసొస్తే మధ్యాహ్నం మెస్‌లో పదిమంది కంచాలు పట్టుకుని వాడి చుట్టూ చేరేవాళ్ళు. వాడు పేర్లు పడటం దగ్గర్నుంచి చివరిదాకా, ఫైట్లతో సహా చెప్పాలి. అందులో సూపర్‌హీరోల విభాగం మొత్తం నాది. (ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.) జనగామ దగ్గరి పల్లె నుంచి ఎమ్మే చరిత్ర చదవడానికి వచ్చినవాణ్ణి. ఏ రాజు తర్వాత ఏ రాజో గుర్తుండేది కాదు గానీ, ఏ హీరోకి ఏ శక్తి ఎలా వచ్చిందో మాత్రం గడగడా చెప్పేవాణ్ణి. చూసిన ప్రతి సినిమా మీదా 'నా అభిప్రాయాలు' అని రాసి, అయిదుకి ఇన్ని స్టార్లని వేసి, హాస్టల్ గ్రూపులో పెట్టేవాణ్ణి. గ్రూప్స్ పరీక్షకి చదువుతున్న నా రూమ్మేట్ మాత్రం 'గా టైంల నాలుగు బిట్లు చదివితే నౌకరన్న వస్తది గదరా' అనేవాడు. వాడిది అసూయ అనుకునేవాణ్ణి.

నా శ్రోతలందరిలోకీ శ్రద్ధగా వినేది మెస్ అక్క. మాణికేశ్వర్ నగర్ నుంచి పొద్దున్నే వచ్చి చపాతీలు చేసేది, మధ్యాహ్నం పప్పు వడ్డించేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు అక్క గరిటె గాల్లోనే ఆగిపోయేది, వరసలో ఉన్నవాళ్ళు 'అక్కా, పప్పూ!' అని మొత్తుకునేవాళ్ళు. విన్న కథను సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి భర్తకి చెప్పేది. ఆయనది సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసే ముందు కింద కర్రలు నిలబెట్టి పైన రేకులు పరచడం. అక్క భర్త కాబట్టి మా అందరికీ బావ. బావకి బాగా నచ్చింది ఒక ముసుగు వీరుడి సినిమా, మొదటి భాగం. అందులో హీరో కూలుతున్న ఆస్పత్రి గోడని వీపుతో ఆపి, రోగులంతా బయటపడేదాకా మోస్తాడు. ఆ ఇంగ్లీషు పేరు నోరు తిరగక అక్క అతనికి 'గోడాయన' అని పేరు పెట్టింది. బావ అంతా విని, 'గసొంటోడు మా మేస్త్రి కాడ ఒక్కడుంటే సాలు, సగం కర్రలు మిగులుతయి' అన్నాడట.

తర్వాత కొన్నాళ్ళకి బావ పనిలోనే రెండో అంతస్తు నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. రెండు నెలల తర్వాత చూస్తే అక్క పప్పు వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. "నడువుమంటే నడుస్తలేడు తమ్మీ. డాక్టరేమో ఇప్పుడు నడవకుంటే కాలు గట్లనే బిగుసుకపోతది, ఇంక పనికి రాదంటుండు. ఎవ్వల్నీ చెయ్యి పట్టనియ్యడు. పడ్డోణ్ణి నేను, లేసుడు గూడ నేనే లేస్త అంటడు. లేవబోతడు, భయపడతడు, మళ్ళ గోడ దిక్కు తిరిగి పండుకుంటడు." ఆ మనిషి రోజు మొత్తంలో నోరు తెరిచి అడిగేది ఒకటేనట: గోడాయన రెండో భాగం ఎప్పుడొస్తది?

వచ్చింది. విడుదల రోజు పొద్దున హాస్టల్ కిటికీకున్న మెరూన్ కర్టెన్ విప్పి, గోడాయనలాగా మెడకి కట్టుకుని బయల్దేరాను. (వార్డెన్‌గారు ఇది చదువుతుంటే, ఆ కర్టెన్‌ని ఎలుకలు కొట్టలేదు సార్, క్షమించండి.) తార్నాకలో ఆటో ఎక్కితే కర్టెన్ కొస వెనక చక్రానికి చుట్టుకుంది. డ్రైవరు బండి ఆపి, కిందినుంచి మీదికి చూసి, "ఏంది భయ్, నాటకమా?" అన్నాడు. సినిమాకి అన్నాను. "సూసెటోనివా, చేసెటోనివా?" అంటూ బ్లేడుతో చరచరా కోసేశాడు. మిగిలిన సగం నడుము దాకా వచ్చింది. ఆ సగంతోనే చూశాను.

నా అభిప్రాయాలు చెప్పాలంటే, మొదటి సగం సాగింది, విలన్‌కి అంత కోపం ఎందుకో చివరిదాకా తెలియలేదు, పాట అనవసరం. కానీ ఆఖరి ఇరవై నిమిషాలు! డ్యామ్ గోడ పగులుతుంది, గోడాయన వీపు ఆనించి నిలబడతాడు. ఊరంతా గుట్ట ఎక్కేదాకా మోస్తాడు, ఎక్కాక ఇక మోయలేకపోతాడు. గోడ అతని మీదే పడుతుంది. నిజంగానే చచ్చిపోయాడు. నేను సగం కర్టెన్‌తో కళ్ళు తుడుచుకుంటూ, అయిదుకి అయిదు స్టార్లు వేసుకుంటూ, ఇది మెస్‌లో ఎలా చెప్పాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో దారంతా సాధన చేసుకుంటూ వచ్చాను. బావ నాకు గుర్తే రాలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మెస్‌లో అడుగుపెట్టానో లేదో, అక్క గరిటె వదిలేసి ఎదురొచ్చింది. "ముందు గదొక్కటి జెప్పు తమ్మీ. బతికిండా లేదా? పొద్దుగాల్నే అడుగుమని పంపిండు ఆయన."

"బతికిండక్కా," అన్నాను.

"అంత పెద్ద గోడనా! ఎట్ల?"

ఆధారం లేకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దని మా ప్రొఫెసర్ మూడు సెమిస్టర్లుగా చెబుతూ వచ్చారు. నేను అక్క మొహం చూస్తూ నోటికొచ్చింది చెప్పాను. గోడాయన ఇక పడిపోతాడనగా, గుట్టెక్కిన జనం ఆగి వెనక్కి చూశారని, 'ఒక్కణ్ణి ఇడిసిపెట్టి పోతమా' అని సెంట్రింగ్ కర్రలు పట్టుకుని దిగొచ్చారని, గోడకి వరసగా కర్రలు నిలబెట్టారని, గోడ ఆగిందని, గోడాయన బయటికొచ్చి మంచినీళ్ళడిగాడని. (అమెరికాలో డ్యామ్ పక్కన అన్ని సెంట్రింగ్ కర్రలెందుకున్నాయని ఎవరూ అడగలేదు.) ఫోన్లో అప్పటికే అసలు ముగింపు చదివేసిన రూమ్మేట్ నావైపు ఒక చూపు చూసి, తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. నా కథకి వాడు అడ్డు రాకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు అక్క దూరం నుంచే అరిచింది. "లేసిండు తమ్మీ! ఊరంత కర్రలు పట్టుకొచ్చిండ్రా అని రెండుసార్లు అడిగిండు. పొద్దుగాల వాకర్ పట్టుకొని తలుపు దాంక పోయిండు!" రెండో రోజు వాకిట్లోకి, వారానికి గల్లీ మూల దాకా. నేను మెస్‌లో కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఆ సంబరంలో ఉండగానే అక్క బాంబు పేల్చింది. "ఇగ బామ్మర్దితోని పోయి థియేటర్ల సూస్త అంటుండు. నువ్వే తీస్కపోవాలె."

లేచిన మనిషి గోడాయన చావు చూసి మళ్ళీ మంచం ఎక్కితే? చదువులని, దగ్గులని రోజులు నెట్టాను. ప్రపంచంలో ఏ అభిమానీ చేయని పని చేశాను: నా హీరో సినిమా ఫ్లాప్ కావాలని దేవుడికి మొక్కాను. అయిదు స్టార్ల అభిప్రాయం చెరిపేసి, 'దరిద్రంగా ఉంది, ఎవరూ వెళ్ళొద్దు' అని ఒక్క స్టారు ఇచ్చాను. మరీ అంత దరిద్రంగా ఉందా అని హాస్టల్ హాస్టలంతా వెళ్ళి చూసింది. (అక్క ముందు ముగింపు ఎత్తకుండా అందర్నీ రూమ్మేటే ఆపాడు.) నాలుగో వారంలో కూడా హౌస్‌ఫుల్ బోర్డు పెడుతుంటే, ఇక లాభం లేదని బావని ఆటోలో ఎక్కించుకుని కాచిగూడ వైపున్న ఒక పాత థియేటర్లో తెలుగు డబ్బింగ్ మ్యాట్నీకి తీసుకెళ్ళాను.

థియేటర్ మెట్లు ఎక్కడానికి బావకి పావుగంట పట్టింది. చెయ్యి అందిస్తే "ఇడువు" అని కసురుకున్నాడు. ఒక చేత్తో వాకర్, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, చెమటలు కారుస్తూ తనే ఎక్కాడు. లోపల ఫైట్లకి చిన్నపిల్లాడిలా ఈలేశాడు. డ్యామ్ పగులుతుండగా నేను లేచి నిలబడి, "అయిపాయె బావా, పోదాం పా, మళ్ళ రష్ అయితది," అన్నాను. "కూసో," అన్నాడు తెర మీంచి కళ్ళు తీయకుండా. గోడాయన మోకాళ్ళు వంగాయి. బావ నా చెవి దగ్గరికి వంగి, "కర్రలు ఇంక రాలే?" అని అడిగాడు.

"వస్తయి బావా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మూడు వారాల క్రితం కళ్ళారా చూసినవాణ్ణే, ఆ రెండు నిమిషాలూ నిజంగానే వస్తాయేమోనని తెర వంక చూశాను. రాలేదు. గోడ పడింది.

దీపాలు వెలిగాయి, జనం వెళ్ళిపోయారు. బావ కదల్లేదు. "బామ్మర్దీ, కర్రలేవి?" అన్నాడు. అబద్ధం చెప్పానని, నువ్వు లేవాలని చెప్పానని, తప్పైందని గొణిగాను. ఆయన తెల్లటి తెర వైపు చెయ్యి చూపించాడు.

"ఎవడు తీసిండు గీ సినిమ? గంత గోడను ఒక్కడు మోసుడేంది? ఊరంత గుట్ట మీద నిలబడి సూసుడేంది? కర్ర పెట్టాలన్న తెలివి ఒక్కనికన్న లేదా? ఇరవై ఏండ్లు చేసిన గీ పని. ఒంటి కర్ర మీద స్లాబు ఎన్నడన్న ఆగుతదా? నువ్వు జెప్పిందే కరెక్టున్నది."

వాకర్ పట్టుకుని లేచి తలుపు దాకా వచ్చాడు. దిగాల్సిన మెట్లని చూసి ఆగాడు. నేను నాలుగడుగుల దూరంలో, కసురుతాడేమోనని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. "గాడ నిలబడి ఏం సూస్తున్నవ్?" అన్నాడు. "నువ్వు గూడ గుట్టెక్కినవా? ఇటురా. భుజమియ్యి." ఆయన బరువంతా నా భుజం మీద వేసి మెట్టు మెట్టు దిగాడు. నేను ఏడుస్తూ దిగాను. "సినిమానే కదర," అని ఆయనే ఓదార్చాడు.

ఇప్పుడు బావ కొంచెం కుంటుతూనే తిరుగుతాడు, సెంట్రింగ్ పనులకి పెద్ద మేస్త్రి. నడుముకి బెల్టు కట్టకుండా పైకెక్కేవాణ్ణి బూతులు తిడతాడు. నేను తార్నాకలోనే ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. మిగిలిన సగం కర్టెన్‌తో స్కూటీ తుడుస్తాను. మొన్న బావ ఫోన్ చేశాడు. మూడో భాగం వస్తోందట, వాళ్ళ పిల్లలు చెప్పారట. "ముందు నువ్వు సూసి నాకు జెప్పు బామ్మర్దీ. తర్వాత పోయి వాళ్ళు తీసింది గూడ సూద్దాం," అన్నాడు. వయసు వచ్చింది, స్టార్లివ్వడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా సరేనన్నాను. సినిమా ఇంకా విడుదల కాలేదు గానీ, నా దగ్గర కర్రలు సిద్ధంగా ఉన్నాయి.