మా జట్టులో లేని శకునగాడు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ప్రాణం పోయిన మనిషి ముఖం తుడిచి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని వచ్చి పెరుగన్నం తిన్న రోజులు చాలా ఉన్నాయి. పాత వార్డులో దయ్యం తిరుగుతోందని ఆయాలు గుసగుసలాడుతుంటే, ముందు ఫినాయిల్ వేసి కడగండమ్మా, ఆ కంపుకి అదే పారిపోతుంది అని కసిరేదాన్ని. నన్ను పిరికిదాని కింద జమకట్టకండి అని చెప్పడానికే ఇదంతా.

మా ఇంట్లో ముగ్గురికి ఒక పిచ్చి ఉండేది. ఫోన్లో ఆడే రోమన్ సైన్యం ఆట. నేను, సోమశిల జలాశయంలో చేపలు పట్టే మా తమ్ముడు కిరణ్, ఉదయగిరిలో సెల్ షాపు నడిపే మా పెద్దమ్మ కొడుకు సుధీర్. మధ్యాహ్నం భోజనాల వేళ ఎక్కడివాళ్లం అక్కడే కూర్చుని ఆటలో ఒకే శిబిరంలో కలుసుకునేవాళ్లం.

ఆటలో చేరేటప్పుడే క్లాస్ ఎంచుకోవాలి. మన బొమ్మ ఏ పని చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. డాలు పట్టే సైనికుడు, విలుకాడు, వైద్యుడు, శకునగాడు. ఒకసారి ఎంచుకుంటే ఇక మార్చుకోవడం కుదరదు. కిరణ్ సైనికుడు, సుధీర్ విలుకాడు. ఉద్యోగంలో చేసేది చాలదన్నట్టు ఆటలోనూ నాకు కట్లు కట్టే పనే దక్కింది.

శకునగాడు మాత్రం మా జట్టులో లేడు. వాడికి కత్తి ఉండదు. తెల్లటి వస్త్రం, చేతిలో వంకర కర్ర. సైన్యం కదిలే ముందు ఆకాశంలో పక్షులను చూసి, వెళ్లొచ్చో లేదో చెప్పాలి. వద్దనుకుంటే వస్త్రం తల మీదికి లాక్కుని కూర్చుంటాడు. మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు కుటుంబం. శకునాలు చూసే వేషం వేశానని తెలిస్తే అమ్మ నన్ను చర్చి మెట్లు ఎక్కనివ్వదని నేను తప్పించుకున్నాను. కిరణ్ అయితే ఒక్క మాటలో తేల్చేశాడు.

“కొట్టేదానికి లేని క్లాస్ ఎందుకక్కా, ఊరికే దిష్టిబొమ్మ మాదిరి నిలబడేదానికా?”

ఆ రోజు కూడా డ్రెస్సింగ్ గదిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఆట తెరిచాను. సుధీర్ అప్పటికే ఉన్నాడు. కాసేపటికి కిరణ్ పేరు వెలిగింది. పేరు కింద సైనికుడు అని లేదు. శకునగాడు అని ఉంది.

శిబిరం చివర నది ఒడ్డున, తెల్ల వస్త్రంలో, వంకర కర్రతో పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఏంట్రా ఇది అని సందేశం పెట్టాను. వెంటనే సుధీర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను.

“అక్కా, వాడు క్లాస్ ఎట్టా మార్చినాడు? మార్చేదానికి లేదు గదా!”

నేను బదులిచ్చేలోపే ఆ బొమ్మ వస్త్రాన్ని తల మీదికి లాక్కుని కూర్చుంది. కొంచెంసేపటికి లేచి నదిలోకి నడిచింది. ఆ నదిలోకి ఎవరూ దిగలేరు. మేము ఎన్నిసార్లు ప్రయత్నించినా మా బొమ్మలు ఒడ్డునే ఆగిపోయేవి. ఇది ఆగలేదు. నడుము, మెడ, తల అన్నీ మునిగిపోయాయి. చివరికి నీళ్ల పైన ఒక చెయ్యి మిగిలింది.

వైద్యుడి క్లాస్‌కి ఒక శక్తి ఉంది. పడిపోయినవాడి చేతి మీద వేలు ఆనించి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపూ వాడి ప్రాణం పోదు. తీస్తే పోతుంది. నేనేమీ ఆలోచించలేదు. వేలు పెట్టేశాను.

పెట్టాక భయమేసింది. పక్కనే దూది చుడుతున్న తోటి నర్సు మల్లికను ఆమె ఫోన్ అడిగి, ఎడమ చేత్తో కిరణ్ భార్య రూతుకు ఫోన్ చేశాను.

“వల ఎత్తేదానికి పోయినాడు వదినా. ఫోన్ ఈడనే ఉండాది, ఛార్జింగ్ లేక ఆగిపోయుండాది.”

“ఎవురితో పోయినాడు?”

“ఒక్కడే. తోడుపోయే ఆయన చేజర్లలో పెళ్లికని పోయినాడు.”

పుట్టి అంటే గుండ్రటి బుట్ట పడవ. దాని మీద ఇద్దరు వెళ్లాలి. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల లాగుతారు. ఒక్కడే వెళ్లినవాడు వల జారిపోతుందని దాని తాడును కాలికి చుట్టుకుంటాడు. అది చావుతో ఆట అని మావాళ్లందరికీ తెలుసు. అయినా అందరూ చుట్టుకుంటారు.

ఫోన్లో బొమ్మ మునిగిందని చెబితే ఎవరు కదులుతారు? అందుకే అబద్ధమాడాను. “నాయనకు శానా సీరియస్‌గా ఉండాది. ఇంకో పుట్టేసుకుని ఎవురినైనా పంపించి వాణ్ణి ఇప్పుడే పిలిపియ్యి. నిలబడబాక, పరిగెత్తు!” అని అరిచాను. నిక్షేపంలా ఉన్న నన్ను మంచమెక్కిస్తావా అని మా నాయన తర్వాత తిట్టిన తిట్లు వేరే కథ.

ఇక వేలు తీయలేదు. హెడ్ నర్సు వచ్చి, సెలైన్ అయిపోయిన పేషెంటు అరుస్తుంటే ఇక్కడ ఆటలా అని చీవాట్లు పెట్టింది. మల్లిక పరిగెత్తింది. నేను కదల్లేదు. ఇది ఆట అని నాకు తెలుసు. అయినా ఆ వేలు తీస్తే నా తమ్ముడు పోతాడని అంతకంటే గట్టిగా అనిపించింది. ప్రభువా అన్న మాట తప్ప ప్రార్థన కూడా నోటికి రాలేదు. స్పీకర్‌లో సుధీర్ ఏడుస్తున్నాడు. తెర మీద ఆ చెయ్యి కాసేపు వణికేది, కాసేపు ఆగేది.

మల్లిక ఫోన్ మోగింది. రూతు.

“దొరికినాడు వదినా! ఊపిరుండాది! బతికుండాడు!”

అప్పుడు తీశాను. నదిలో ఏమీ లేదు. జట్టులో కిరణ్ పేరు ఆరిపోయి ఉంది. దాని కింద, ఎప్పటిలాగే, సైనికుడు.

తర్వాత అన్నీ వెతికాం. సుధీర్ కిరణ్ ఫోన్‌ను షాపుకు తీసుకుపోయి చూశాడు. ఆ మధ్యాహ్నం అందులో ఆట తెరిచిన జాడ లేదు. ఆట తయారుచేసినవాళ్లకు రాస్తే, క్లాస్ మారలేదని, నదిలోకి దిగే వీలే లేదని జవాబిచ్చారు. ఇంకెవరైనా కిరణ్ పేరుతో ఆడారనుకున్నా, వాడు నీళ్లలో మునుగుతాడని వాళ్లకెలా తెలుసు? ఆ తెరను ఫొటో తీయాలని నాకు గానీ సుధీర్‌కు గానీ తట్టలేదు. అంటే మా ఇద్దరి మాటే సాక్ష్యం, నమ్మకపోతే మిమ్మల్ని తప్పుపట్టను.

కిరణ్‌ను మా ఆస్పత్రికే తెచ్చారు. తాడు కోసుకుపోయిన కాలికి నేనే కట్టు కట్టాను. వల నీళ్లలో మొద్దుకు తగులుకుని పుట్టి తిరగబడిందట. కాలి తాడు కిందికి లాగుతుంటే, ఎవరో తన మణికట్టు పట్టుకుని, ముక్కు మాత్రం నీళ్ల పైన ఉండేలా ఆపారట. రెండో పుట్టివాళ్లు జుట్టు పట్టుకున్నాకే ఆ పట్టు వదిలిందట.

నాకు దుఃఖం ఆగలేదు. “పట్టుకున్నింది నేనేరా, పిచ్చోడా” అని జరిగిందంతా చెప్పాను. ఆ నదిలో చెయ్యి, నా వేలు, అంతా. వాడు చివరిదాకా విన్నాడు. నా కుడి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, మెల్లగా మంచం మీద పెట్టాడు.

“నీ చెయ్యి నాకు తెలవదా అక్కా? అది నీది కాదు. ముసిలి చెయ్యి. కర్ర పట్టినోళ్ల మాదిరి అరచెయ్యంతా కాయలు కాసుండాది.”

కిరణ్ ఇప్పుడు నీళ్ల మీదికి ఒంటరిగా వెళ్లడం లేదు. సుధీర్ ఆట తీసేశాడు. నా ఫోన్లో ఇంకా ఉంది, తెరవను, తీసేయడానికీ ధైర్యం చాలదు. మా తమ్ముణ్ణి పట్టుకున్నది నేను కాకపోతే, అంతసేపూ నా వేలి కింద వణికిన ఆ చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.