శనివారంలోగా ఎడమ మోకాలు

మా చర్చి ఆవరణలో ఆదివారం రెండు కూడికలు జరిగేవి. మొదటిది లోపల, పాస్టరుగారు నడిపేది. రెండోది బయట సైకిళ్ల స్టాండు దగ్గర, మగవాళ్లు నడిపేది. మొదటిదానికి ఆలస్యంగా వచ్చేవాళ్లు చాలామందే గానీ రెండోదానికి ఒక్కరూ ఆలస్యం అయ్యేవారు కాదు. అక్కడ మాట్లాడుకునేది ఒక్కటే, మన హాకీ టీము గురించి.

అనకాపల్లిలో హాకీ ఏమిటని బెల్లం మార్కెట్టు వైపు వాళ్లే ఆశ్చర్యపోయేవారు. మా పేటలో మాత్రం చర్చి, దాని వెనక బడి, బడి వెనక మట్టి గ్రౌండు, ఆ గ్రౌండులో స్టిక్కులు పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు, ఇవన్నీ తాతల నాటి నుంచీ ఉన్నవే. నేనూ ఓణీ వేసేదాకా రైట్ హాఫ్ ఆడాను. ఆ తర్వాత ఆడనివ్వలేదు గానీ చూడొద్దని ఎవరూ అనలేదు. నేను చెప్తున్నది రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకి జరిగిన సంగతి. అప్పటికి నేనొక చిన్న ప్రైవేటు బడిలో టీచరుని. నా తమ్ముడు ఆ టీముకి గోల్‌కీపరు.

వర్షాలు వెనకబట్టి గ్రౌండు గట్టిపడ్డాక జిల్లా లీగు మొదలయ్యేది. ఆ ఏడాది నాలుగో ఆట చూడటానికి విశాఖపట్నం నుంచి సెలెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. స్పోర్ట్స్ కోటాలో గోల్‌కీపరుకి ఒక్క ఉద్యోగం ఉందట. తమ్ముడికి ఆ ఏడాదితో వయసు దాటిపోతుంది. నాన్న పోయాక చదువు మానేసి మార్కెట్టులో బెల్లం దిమ్మలు మోస్తున్నవాడు వాడు. ఆ ఉద్యోగం రావాలి, ఆ ఏడే రావాలి. మా ఇంట్లో ముగ్గురం పొద్దున లేచింది మొదలు దాని గురించే అనుకునేవాళ్లం, పైకి మాత్రం ఒక్కరమూ అనేవాళ్లం కాదు.

లీగు ఇంక వారం ఉందనగా, దిమ్మ భుజాన పెట్టుకుని బండి దిగుతూ వాడు కాలు మెలితిప్పుకున్నాడు. సాయంత్రానికి ఎడమ మోకాలు బూరెలా పొంగింది. అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు నాకు చూపించాడు.

"అక్కా, ఎవురికీ సెప్పకు. అమ్మకి కూడా సెప్పకు. కెప్టెనుకి తెలిసిందంటే నన్ను కూకోబెట్టేత్తాడు. కూకుంటే అంతా అయిపోయినట్టే."

నేను ఒట్టు వేశాను. అమ్మ పాత చీర చింపి పట్టీలు చేసి, ఆట ఉన్న రోజు బిగించి కట్టేదాన్ని. దాని మీద గోల్‌కీపరు ప్యాడ్లు కట్టుకుంటే ఇంక ఏమీ కనబడేది కాదు. ఫార్వర్డ్ అయితే మొదటి పరుగులోనే దొరికిపోయేవాడు. గోల్‌లో నిలబడేవాడికి ఆ ఒక్క సుఖం ఉంది.

మొదటి ఆట రెండు ఒకటితో ఓడిపోయాం. రెండోది రెండు రెండు, సమానం. మూడోది మూడు ఒకటి, మళ్లీ ఓటమి. మా వాళ్లకి పడ్డ ఏడు గోల్సులో అయిదు ఎడమ పక్క కిందనుంచి వెళ్లినవే. నేను లెక్కపెట్టాను. సైకిళ్ల స్టాండు వాళ్లు కూడా లెక్కపెట్టారు.

మూడో ఆట మర్నాడు ఆదివారం. టీముకి జెర్సీలు కుట్టే టైలరు ఒకాయన ఉండేవాడు. జెర్సీలు తను కుట్టాడు కాబట్టి వాటిలోపలి మనుషులూ తనవాళ్లే అన్నట్టు మాట్లాడేవాడు.

"ముందర ఆడే కుర్రోళ్లకి వంక పెట్టడానికేటీ లేదు. ఆ రైట్ ఇన్ కుర్రోడు మాపటేల పిల్లిలాగ దూరిపోతన్నాడు. పెనాల్టీ కార్నర్లూ బాగున్నాయి. ఏటి లాభం? సిల్లు కుండలో నీళ్లు పోసినట్టుంది. గోల్లో నిలబడ్డోడు మనిసా, దిష్టిబొమ్మా? ఎడమ పక్కకి కొడితే వొంగడే! బయమేత్తందేమో" అన్నాడు.

"ఫుల్‌బ్యాకులు దారి వదిలేత్తే ఆడేటి సేత్తాడు బావా?" అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆయన చర్చి వెనక బడిలో పనిచేసి రిటైరయ్యారు, మా సంఘానికి పెద్ద కూడా.

నాకు నోరు ఊరుకోదు. ఆడవాళ్ల వైపు నుంచి వచ్చేసి అడిగాను. "కుడి పక్క నిన్న నాలుగు ఆపాడు. అవి మీ లెక్కలోకి రావా?"

"తమ్ముడు కదమ్మా, నీకలాగే ఉంటాది" అన్నాడు టైలరు, జాలిగా. ఆ జాలికి నా ఒళ్లు మండింది. మోకాలి మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఉన్న తమ్ముడు నా వైపు ఒక్క చూపు చూశాడు.

"అవును మామా, నాదే తప్పు. ఎండ కళ్లల్లో పడతంది" అన్నాడు వాడు.

ఆటలు జరిగేది సాయంత్రం. మా గ్రౌండులో గోల్సు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, సాయంత్రపు ఎండ ఏ గోల్‌కీపరు కళ్లల్లోనూ పడదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. వాడు పిరికివాడేనని వాళ్లకి ఇంక సందేహం లేకుండా పోయింది. పిరికివాడు అనిపించుకోవడమైనా నయమే అనుకునే స్థితికి వచ్చాం మేమిద్దరం.

ఆ వారమంతా నేను ఒంటరిగా ప్రార్థన చేశాను. బస్సులో, బడిలో, బియ్యం ఏరుతూ. వాపు తగ్గలేదు. నాలుగో ఆటని ఒక వారం వెనక్కి జరిపారు. దేవుడే ఇచ్చిన వారం అనుకున్నాను. అయినా వాపు తగ్గలేదు. రాను రాను నాకు పిచ్చెక్కినట్టయింది. నా ఒక్కదాని గొంతు ఆయనకి చాలడం లేదు, పదిమందీ కలిసి అడగాలి అని తోచింది.

మా చర్చి గుమ్మం దగ్గర బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. కష్టం ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. ఆరాధన మధ్యలో సంఘ పెద్ద ఆ చీటీలు తీసి చదువుతారు, అందరం కలిసి ప్రార్థన చేస్తాం. పేరు రాయాలని లేదు. నేను బాగా ఆలోచించాను. అమ్మకి ఎప్పటినుంచో మోకాళ్ల నొప్పులు. చీటీ మాదని ఎవరైనా పోల్చుకున్నా ఆ మోకాలు అమ్మదే అనుకుంటారు. దేవుడికి మాత్రం ఎవరి మోకాలో తెలుసు. అంత తెలివిగా ఆలోచించి, అక్షరాలు మార్చి మరీ రాశాను.

ఆదివారం డ్రిల్లు మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఆ చీటీ తీశారు. ఆయన ఏది చదివినా పెరేడ్‌లో ఆర్డరు ఇచ్చినట్టు ఒక్కో మాటా విడదీసి చదువుతారు.

"మా ఇంట్లో ఒకరికి. ఎడమ మోకాలు. వాపు తగ్గి స్వస్థత కలుగునట్లు."

పక్కన చాప మీద కూర్చున్న అమ్మ నా చెయ్యి నొక్కింది. తనకోసమే రాశాననుకుంది పాపం. నేను కళ్లు మూసుకున్నాను.

"శనివారంలోగా" అని చదివారు మాస్టారు.

అది నేను రాసిందే. బడిలో పిల్లలకి ఏ పని చెప్పినా గడువు పెట్టడం నాకు అలవాటు. సోమవారంలోగా ఎక్కాలు, బుధవారంలోగా కాపీ. చేతికి అలవాటైపోయి దేవుడికి కూడా గడువు పెట్టేశాను. శనివారం మా పేటలో పెళ్లి లేదు, పరీక్ష లేదు. ఉన్నది నాలుగో ఆట ఒక్కటే.

మగవాళ్ల వైపు ఎవరో దగ్గారు. టైలరు మెడ తిప్పి తమ్ముడి కాలివైపు చూశాడు. తర్వాత కెప్టెను చూశాడు. అందరూ చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తమ్ముడొక్కడూ ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. మాస్టారు చీటీ పట్టుకుని అలాగే ఆగిపోయారు. ఆయనకీ అప్పుడే అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి ప్రార్థన మొదలుపెట్టారు. నూటయాభై మంది నా తమ్ముడి మోకాలి కోసం ఆమెన్ అన్నారు. నేను అడిగింది అదే కదా, అదే జరిగింది.

ఆ రోజు సైకిళ్ల స్టాండు దగ్గర ఎవరూ టీము మాట ఎత్తలేదు. తమ్ముడు వీధి చివరిదాకా తిన్నగా నడిచాడు, మా సందు తిరిగాక గోడ పట్టుకున్నాడు.

"పేరు రాయలేదురా" అన్నాను ఇంట్లోకి వచ్చాక.

"పేరెందుకక్కా? శనివారం అన్నావు కదా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సాయంత్రం నేను కెప్టెను ఇంటికి వెళ్లాను. నాకంటే చిన్నవాడు. సిగ్గు విడిచి బతిమాలాను. ఈ ఒక్క ఆట ఆడనివ్వు, తర్వాత జన్మలో స్టిక్కు పట్టకపోయినా సరే అన్నాను. ఏడ్చాను కూడా.

"అక్కా, ఆడు నాకు మాత్రం తమ్ముడు కాడేటి? తెలీనప్పుడు ఆడించేను. ఇప్పుడు సంగమంతా ప్రార్దన సేసింది. ఆ కాలు మీద ఇంకో దెబ్బ తగిలితే జన్మంతా కుంటుకుంటా తిరుగుతాడు. అప్పుడు నా మొకం ఎవురికి సూపించను?"

అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఒక మనిషి మిగల్లేదు, నేను తప్ప.

శనివారం తమ్ముడు ఇంటి దగ్గరే ప్యాడ్లు కట్టుకున్నాడు. పట్టీ నేనే కట్టాను. అయినా కెప్టెను మనసు మార్చుకుంటాడేమోనని ఇద్దరికీ ఆశ. అతను మారలేదు. డిగ్రీ చదివే కుర్రాడిని గోల్‌లో దింపాడు. తమ్ముడు ప్యాడ్లు విప్పకుండా ఆటంతా బెంచీ మీద కూర్చున్నాడు. సెలెక్టరు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు, మా బెంచీ వైపు ఒక్కసారీ చూడలేదు. ఒకటి సున్నాతో గెలిచాం. కొత్త కుర్రాడు ఎడమ పక్క కిందకి వచ్చినవి రెండు ఆపాడు. మా వాళ్లు ఈలలు వేస్తుంటే నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

టైలరు వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "మేం అన్నవన్నీ మనసులో ఎట్టుకోకురా. మోకాలని మాకు తెలీదు కదా. సెప్పొచ్చు కదరా." ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి.

ఆ ఉద్యోగం మా కొత్త కుర్రాడికీ రాలేదు. వేరే జిల్లా వాడికెవరికో వచ్చిందని తర్వాత విన్నాం.

మోకాలు క్రిస్మసు నాటికి పూర్తిగా నయమైంది. కృతజ్ఞత చీటీ రాయాలని అమ్మ పట్టుబట్టింది. అడిగి పుచ్చుకుని థాంక్స్ చెప్పకపోవడం ఏం మర్యాద అంది. చెయ్యి రాకపోయినా రాశాను. ఈసారి పేరు కూడా రాశాను. స్వస్థత పొందినవాళ్లు లేచి నిలబడటం మా సంఘంలో అలవాటు. డ్రిల్లు మాస్టారు చదవగానే వాడు రెండు కాళ్ల మీదా తిన్నగా లేచి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేకపోయాను.

బయటికి వచ్చేసరికి సైకిళ్ల స్టాండు దగ్గర పాత గొడవ మళ్లీ మొదలైంది. ఇంకా సగం సీజనే అయింది, మనకి బలమేటి, లోటేటి అని. టైలరు తమ్ముడిని కేకేశాడు.

"ఏరా, మన కొత్త గోల్‌కీపరు గురించి నువ్వేటంటావు? నీకంటే తెలిసినోడెవుడు?"

"కుడి పక్క కొంచెం సూసుకోవాల మామా. ఎడమ పక్క బాగా కాత్తన్నాడు" అన్నాడు తమ్ముడు.

అందరూ తలలూపారు. టైలరు పక్కకి జరిగి, గట్టు మీద తన పక్కన వాడికి చోటిచ్చాడు.