ఎండిన మట్టి, ఆరిన మట్టి

ఒకే పొలం మట్టి రెండు రకాలుగా మాట్లాడితే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని నేను నమ్మాను. ఆ ఒకరు నేను కానని కూడా నమ్మాను.

తెనాలిలో నేను రసాయనశాస్త్రం చెప్పే కాలేజీలో ఒక స్పెక్ట్రోమీటర్ ఉండేది. మట్టి మీద పరారుణ కాంతి పడితే, తిరిగొచ్చిన కాంతిని గీతగా గీసి, అందులో ఏముందో చెప్పే యంత్రం. అలాంటివే బాపట్లలో ఒక పరిశోధనశాలలోనూ, రేపల్లెలో ఒకాయన సొంతంగా నడిపే మట్టి పరీక్షల కేంద్రంలోనూ ఉన్నాయి. మూడు చోట్ల కొలతలు కలిపి డెల్టా మట్టికి ఒకే పట్టిక తయారుచేద్దామని మమ్మల్ని కూడగట్టింది బాపట్ల శాస్త్రవేత్త. రెండేళ్లు బస్సుల్లో, ఆటోల్లో తిరిగి మట్టి పోగుచేసింది కూడా ఆవిడే. మూడు యంత్రాలూ ఒకే మాట చెబితేనే ఆ పట్టికకు విలువ. లేకపోతే రెండేళ్ల కష్టం మట్టిపాలే.

పరీక్షకు ముందు, ఇంగ్లీషులో ఉన్న పద్ధతిని తెలుగులో రాసే పని నేను తీసుకున్నాను. శాస్త్రం జనం భాషలో ఉండాలని వేదికల మీద వాదించినవాణ్ణి కదా. భట్టిప్రోలు వరిపొలంలో తీసిన మట్టిని మూడు సంచుల్లో పంచుకున్నాం. గీతలు వచ్చాయి. నా గీతకూ మిగతా రెండింటికీ పొంతన లేదు. బాపట్ల గీత, రేపల్లె గీత మాత్రం ఒకదాని మీద ఒకటి అతికినట్టున్నాయి.

అంత పొందిక ఎక్కడిది? కూడబలుక్కున్నారనుకున్నాను. వాళ్లిద్దరూ రేపల్లె స్టేషనులో టీ తాగుతుంటే చూశానని ఎవరో చెప్పడం కూడా నాకు సాక్ష్యంలాగే తోచింది. బాబాలు గాల్లోంచి విభూతి తీస్తే నమ్మనివాణ్ణి, టీ కప్పులోంచి కుట్ర తీశాను. "ఇవి కాకిలెక్కలు" అని ఇద్దరికీ ఉత్తరం రాసి, ఆవిడ పై అధికారికి కూడా ఒక ప్రతి పంపాను. ఆయన ఆవిడ పని ఆపించాడు.

వారం తిరక్కుండా ఇద్దరూ పొద్దున్నే చెరో రైల్లో తెనాలి వచ్చారు. ఆవిడ నా యంత్రం వైపు చూడనైనా లేదు.

"మాస్టారూ, మట్టి ఎండబెట్టారా, ఆరబెట్టారా?"

"ఎండబెట్టాను. మేడ మీద, నడినెత్తి ఎండలో. కాగితంలో ఉన్నదే చేశాను."

"అదేనండి. మేం నీడన ఆరేశాం."

"కాగితంలో ఎండబెట్టాలనే ఉంది కదమ్మా."

"కాగితం రాసింది మీరే కదండి," అన్నాడు రేపల్లె ఆయన. "మట్టిని ఎవరైనా ఎండలో పెడతారా? మాట తేడాగా పడిందిలే అనుకుని మేమే సరిచేసుకున్నాం."

"మరి నాకో మాట చెప్పొచ్చుగా తమ్ముడూ?"

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది.

"మీకు ఒక మాట చెప్పాలంటే ఒక పూట సెలవు పెట్టాలండి," అన్నాడాయన. "ఆ రోజు స్టేషనులో టీ తాగుతూ అదే అనుకున్నాం. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని."

అప్పటికీ నేను లొంగలేదు. ఆవిడ తెచ్చిన ఆరిన మట్టిని ముట్టుకోలేదు. అది వేరే పొలానిదైతే? నా సంచి అడుగున మిగిలిన పచ్చి మట్టిని పాత న్యూస్‌పేపరు మీద పరిచి, ఫ్యాను వేసి, గదికి తాళం వేసి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను. నల్లమట్టి నిదానంగా ఆరింది. అయిదో రోజు కొలిచాను. నీటి జాడ చెప్పే చోట నా గీత వాళ్ల గీతల పక్కకు వచ్చి కూర్చుంది. యంత్రాన్ని అనుమానించి మళ్లీ కొలిచాను. మళ్లీ అక్కడే కూర్చుంది.

వడియాలు ఎండబెడతాం, తడిబట్ట నీడనైనా ఆరబెడతాం. ఈ తేడా మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. దాన్ని చూసి తెలుగు రాసినవాడు ఎండలో పడ్డాడు.

ఆవిడకు ఫోను చేసి క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమండి? మా ఆఫీసరుకి రాయండి. ఆ ఉత్తరం ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ప్రతులు పెట్టండి."

రాశాను. తప్పు మాట ఎవరిదో, దాని మీద కుట్ర కట్టిందెవరో, నా సంతకంతో రాశాను. చర్చల్లో ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వకుండా గెలిచినవన్నీ ఆ పూట గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని నిజంగా గెలిచానో ఇప్పుడు తేల్చుకోలేను.

పది రోజుల తర్వాత ఈపురుపాలెం నుంచి ఆవిడ ఫోను చేసింది. వెనక బస్సు హారన్ మోగుతోంది.

"పని మళ్లీ మొదలుపెట్టమన్నారు మాస్టారూ. కొత్త మట్టి పంపుతున్నాను. ఎలా ఆరబెట్టాలో ఈసారి కాగితం నేను రాస్తా. తప్పుంటే ముందు నాకు చెప్పండి."

"చెప్తానమ్మా," అన్నాను.

"నాకు మాత్రమే," అంది.