ఊరికి ముందెవరు వచ్చారు?

మా హెడ్మాస్టరు నోట్లో చక్కెర పొయ్య! బడి గోడ మీద మన ఊరి చరిత్ర పది లైన్లు రాయిద్దాం, నువ్వే తయారు చెయ్యి అన్నాడు. నేను ఆ బళ్లో సోషల్ టీచర్ని, పైగా ఆ ఊరి పిల్లని. ఎగిరి గంతేసి, ఆ సాయంత్రమే కొత్త నోటుబుక్కు కొన్నాను.

పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఉన్న మా ఊళ్లో శెనక్కాయ పంటే లోకం. విత్తనం కాయల్ని మిషన్లో వేస్తే పప్పు చీలిపోతుందని ఇప్పటికీ ఆడవాళ్లందరూ కలిసి, రోజుకొక ఇంటి వాకిట్లో కూర్చుని చేత్తోనే ఒలుస్తారు. దానికి ఒక వరస ఉంది. ఊరికి ముందు వచ్చిన వాళ్ల ఇంట్లో ముందు ఒలవాలి. మా తాత హిందూపురం నుంచి చింతపండు వ్యాపారం మీద వచ్చి, నాలుగెకరాలు కొని ఇక్కడే ఉండిపోయాడు. అందుకని మాది చివరి ఇల్లు. మా వంతు వచ్చేసరికి సగం మంది నడుము నొప్పులని ఎగ్గొట్టేవాళ్లు. మా అవ్వ మాత్రం చేట చంకన పెట్టుకుని అందరిళ్లకూ పోయేది. ఒక్క ఏడాదైనా మొదటిరోజు ఊరంతా మా వాకిట్లో కూర్చోవాలని ఆమె ఆశ. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదొక్కటే ఆశ.

ఇక నేను నోటుబుక్కుతో బయల్దేరాను. వరసలో మొదటిది పెద్దింటి అవ్వ ఇల్లు. ఆమెను అడిగితే, "మేమేనమ్మా ముందు. మావోళ్లు ముదిగుబ్బ తట్టు నుంచి గొర్రెల్ని తోలుకోనొచ్చినప్పుడు ఈడ ఒక్క గుడిసె గూడా ల్యాకుండె" అంది.

నేను ఊరుకోకుండా ఆ మాట మడకశిర వాళ్లింట్లో చెప్పాను. ఆ ఇంటామె మూతి తిప్పింది. "అట్లనా? ఆ గొర్రెలు నీళ్లు తాగింది మా బాయిలోనే గదా!"

ఆ మాట మోసుకుని తనకల్లు వాళ్లింటికి పరిగెత్తాను. "ఆ బాయి తవ్వినోళ్లు ఎవరంట? గడ్డపారలు ఎత్తుకోని తనకల్లు నుంచి మా తాతలే వచ్చినారు!" అన్నారు వాళ్లు.

నాకు ఒకటే నవ్వు. అబ్బబ్బ, ఎవరిని కదిపినా మేమే ముందంటారు, ఎవరిని కదిపినా ఇంకో ఊరి నుంచే వచ్చామంటారు! ఇన్నాళ్లూ హిందూపురం వాళ్లని మమ్మల్ని వేరుగా చూసిన ఊళ్లో అందరూ వలస వచ్చిన వాళ్లే. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు.

కానీ ఒకరి మాట ఇంకొకరికి చేరవేసి ఎంత పని చేశానో వాన పడ్డాక గానీ తెలియలేదు. ఆ ఏడు వాన తొందరపడి, నేల నానేలా కురిసింది. కాయలింకా మూటల్లోనే ఉన్నాయి. ముందు మా ఇంట్లో ఒలవాలంటే మా ఇంట్లోనని మూడిళ్ల వాళ్లూ భీష్మించుక్కూర్చున్నారు. ఒక్కరి చేత అయ్యే పనా అది! "విత్తే పదును ఆరిపోతాండాది, ఏం ఆటలు మీకు?" అని మగవాళ్లు కేకలు. ఆఖరికి అందరూ బడి దగ్గరకొచ్చి నా మీద పడ్డారు.

"నీ బుక్కులో రాసుకుంటివి గదా, ముందెవరో చెప్పు!"

పేజీలు తిప్పాను. ప్రతి పేజీలోనూ మేమే ముందని ఉంది.

అప్పుడు మా అవ్వ చేటతో సహా జనంలోంచి ముందుకొచ్చింది.

"ముందెవరో తేలల్యా. సరే. కడాకు వచ్చిందెవరు?"

"మీరే!" అన్నారందరూ. ఒక్కరైనా ఆలోచించలేదు, ఒక్కరైనా కాదనలేదు.

"అది తేలింది గదా! తేలిన కాడ నుంచే మొదలు పెట్టండి. ఈ ఏడు కడా నుంచి ముందుకు పోదాం."

పెద్దింటి అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసి నీ దుంప తెగ! ఎంత గడుసుదానివే!"

మర్నాడు తెల్లారేసరికి మా వాకిలి నిండిపోయింది. నేను టీ గ్లాసులు పట్టుకుని చిందులేస్తూ తిరుగుతున్నాను. తీరా చూస్తే అవ్వ కనబడదు. ఎక్కడుందీ? చెప్పులు విడిచే చోట, గడప పక్కన ఒదిగి కూర్చుంది. ఎవరింటికి పోయినా ఆమె కూర్చునే చోటు అదే. తన ఇంట్లోనూ అక్కడే కూర్చుంది.

నేను కదిలేలోపే పెద్దింటి అవ్వ లేచి, వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆడెందుకే? ఇది నీ ఇల్లు గదే. నడిమిట్లోకి రా."

అవ్వ నడిమికొచ్చి కూర్చుంది. ఒక కాయ తీసుకుని నొక్కింది. అది పగల్లేదు.

"ఉండండే, కండ్లు కనపడల్యా" అంటూ కొంగుతో తుడుచుకుంది.

అంతమంది ఆడవాళ్లు, ఒళ్లో చేటలు పెట్టుకుని, ఆమె కాయ పగిలేదాకా ఆగారు.