పూల రిపేరు బాబాయి

మా బాబాయికి మరే చెడ్డ అలవాటూ లేదు గానీ, ఎవరి చేతిలో బొకే కనిపించినా రిపేరుకి తీసేసుకుంటాడు.

నలభై ఏళ్ళపాటు ఫ్యాన్లూ, మిక్సీలూ, రేడియోలూ బాగుచేసిన మనిషి. దుకాణం మూసేశాక చేతులు ఊరుకోక పూలు ఎండబెట్టడం మొదలుపెట్టాడు. ఎండిన పూలంటే అందరికీ అలంకారం. బాబాయి లెక్కలో మాత్రం అది అచ్చంగా మరమ్మతే. పువ్వు వాడిపోవడమంటే ఫ్యాను ఆగిపోవడం లాంటిది. తీసుకోవాలి, విప్పాలి, చెప్పిన తేదీకి తిరిగి ఇవ్వాలి. అందుకే బొకే చేతిలో పడగానే చీటీ రాసిచ్చేస్తాడు: "ఎర్ర గులాబీలు ఎనిమిది, ఒకదానికి రేక చిరుగు. డెలివరీ నాలుగు వారాలు."

ఒకసారి ఏదో ఆఫీసు సభలో ముఖ్య అతిథికి బొకే ఇచ్చి ఫొటో తీస్తున్నారు. బాబాయి వేదిక ఎక్కేశాడు.

"అలా బిగించి పట్టుకోకండి సార్, కాడలు నలుగుతాయి. ఇటివ్వండి."

"ఎందుకండీ?"

"నాలుగు వారాల్లో ఇచ్చేస్తాగా!"

ఫొటోలో ఆ పెద్దమనిషి చీటీ పట్టుకుని నవ్వుతూ ఉన్నాడు.

ఇంట్లో అయితే ఇంకా ఘోరం. ముందుగదిలో ఫ్యాను పీకేసి ఆ కొక్కేనికి రేడియో తీగలు కట్టాడు. తీగల నిండా పూలు, అన్నీ తలకిందులుగా. వెలుతురు తగిలితే రంగు పోతుందని కిటికీలకి నల్లగుడ్డలు. ఇంటికొచ్చినవాళ్ళు చీకట్లో వంగి వంగి నడవాలి.

"ఊరందరి ఫ్యాన్లూ తిప్పారు, మన ఫ్యాను పీకేశారు," అంటుంది పిన్ని, అట్టముక్కతో విసురుకుంటూ.

"ఫ్యానుంటే రేకలు రాలిపోతాయే!"

"నేను రాలిపోయినా ఫరవాలేదన్నమాట."

ఆయనతో కలిసి వీధిలో నడవడం మహా కష్టం. మొక్క కనిపిస్తే చాలు, రేకని వేళ్ళతో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటాడు. కాగితంలా గరగరలాడితే పాసు. బొగడబంతి, కోడిజుట్టు పువ్వు, గడ్డి కంకులు ఫస్టు క్లాసు. ఒంట్లో నీరెక్కువున్న పూలన్నీ ఫెయిలు. కొయ్యడానికి కూడా వేళాపాళా ఉంది. పొద్దున్నే కోస్తే తడి, మధ్యాహ్నం కోస్తే నీరసం. సరిగ్గా పదింటికి కొయ్యాలి. ఎదురింటి లాయరు గారు కోర్టుకి బయల్దేరేది కూడా పదింటికే.

"అడిగి కొయ్యొచ్చు కదండీ?" అన్నాడాయన ఒకరోజు, తన ప్రహరీ గోడ మీదున్న బాబాయిని చూసి.

"అడిగేలోపు పదిన్నర అవుతుందండీ."

ఈ పిచ్చంతా చూసి నవ్వుకునేదాన్ని, ఆయమ్మ బొకే వచ్చేదాకా.

మా పేట బళ్ళో గంట కొట్టే ఆయమ్మ ముప్పై నాలుగేళ్ళ తర్వాత రిటైరైంది. ఆ సభకి మైకు సరిచేయడానికి బాబాయి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. పిల్లలంతా కలిసి ఆవిడకి తెల్ల లిల్లీల బొకే ఇచ్చారు. ఆవిడ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"నాకు పువ్వులంటూ ఇచ్చింది వీళ్ళే సార్. రెండ్రోజుల్లో వాడిపోతాయంటే ప్రాణం ఉసూరుమంటోంది," అంది బాబాయితో.

బాబాయి అప్పటికే చీటీ రాసేస్తున్నాడు. "లిల్లీలు ఆరు. నాలుగు వారాలు."

నేను చొక్కా పట్టుకుని పక్కకి లాగాను. "లిల్లీ నీళ్ళ పువ్వు కదా బాబాయ్! ఫెయిలు కదూ?"

"నువ్వు నోరు మూసుకో అమ్మాయ్."

లిల్లీలని సన్న ఇసుక పోసిన పెట్టెలో పాతిపెట్టాడు. పదకొండో రోజున మూత తీస్తే అందులో పువ్వుల్లేవు. నానిపోయిన గుడ్డపీలికలున్నాయి. పిన్ని ముక్కు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"చెప్పెయ్ బాబాయ్, ఆవిడేమీ అనదు," అన్నాను.

"అనదు. 'పోనీలెండి సార్' అంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా అందరితోనూ ఆ మాటే అంటోంది. నాతో కూడా అనాలా?"

ఆ మధ్యాహ్నమే మార్కెట్టుకి వెళ్ళి గోనెసంచీడు మొక్కజొన్న పొట్టు మోసుకొచ్చాడు. పైపొరలు ఫెయిలు. కండెని అంటుకుని ఉండే లేతపొర ఒక్కటే పాసు. దాన్ని నానబెట్టి, రేకలుగా కత్తిరించి, స్క్రూడ్రైవరుకి చుట్టి అంచులు వంచాడు. మధ్యలో గడ్డి కంకులు గుచ్చాడు. ఆ రేకల మీద ఈనెలతో సహా అచ్చం లిల్లీలే. ఆయన చేతుల ఒడుపు చూస్తే మొదటిసారి చేస్తున్నట్టు లేదు.

"ఎక్కడి మొదటిసారి!" అంది పిన్ని. "బొకేల్లో సగం నీళ్ళ పూలే కదమ్మా. 'మీది పాడైపోయింది' అని చెప్పడానికి ఈయనకి నోరు రాదు. చూడ్డానికి అలాగే ఉండే పువ్వు ఏదో ఒకటి వెతికి, ఎండబెట్టి కట్టి ఇస్తారు. లేకపోతే పదింటికల్లా గోడలెక్కే ఖర్మేంటి?"

"మరి నాకు ఉద్యోగమొచ్చినప్పుడు ఎండబెట్టిచ్చిన బొకే?"

బాబాయి ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం బల్లంతా వెతకడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళుగా దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. కోపం రావాలి గానీ రాలేదు. ఈ మనిషంటే ఇంకా ఇష్టం పెరిగింది.

చెప్పిన తేదీకి ఆయమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చీటీ పట్టుకుని వచ్చింది. బొకే చేతిలోకి తీసుకుని ఒక్కో పువ్వూ చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"సార్, చీటీలో ఆరని రాశారు. ఇందులో ఏడున్నాయి."

బాగా కుదిరినవాటిని పారెయ్యబుద్ధి కాక లెక్క మరిచిపోయాడన్నమాట! పిన్ని మెల్లిగా వంటింట్లోకి జారుకుంది. బాబాయి మాత్రం తడుముకోలేదు.

"ఒక మొగ్గ కూడా ఉండేదమ్మా. రాయడం మర్చిపోయాను. అది విచ్చుకుంది."

"ఇసుకలోనా?"

"ఇసుకలోనే."

ఆవిడ ఒక రేకని వేలితో నిమిరింది. కత్తెర పట్టీ పట్టీ బొబ్బలెక్కిన బాబాయి వేళ్ళ వైపు చూసింది. "అలాగా సార్," అని లేచింది.

నేను గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాను. అక్కడ ఆగి, గొంతు తగ్గించింది.

"చిన్నప్పుడంతా మొక్కజొన్న కండెలు ఒలిచినదాన్నమ్మా, ఆ పొట్టు నాకు తెలీదా? నా కోసం ఇంత పని ఎవరూ చెయ్యలేదు. నాకు తెలిసిపోయిందని ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటారు."

తర్వాత వెనక్కి తిరిగి, బడి గంట మోగినట్టు కేకేసింది.

"సార్! మళ్ళీ మొగ్గలేవైనా విచ్చుకుంటే కబురు చెయ్యండి!"

గుమ్మంలో నిలబడ్డ బాబాయి ఏమాత్రం నవ్వకుండా చెయ్యెత్తి భరోసా ఇచ్చాడు.

"ఇంక విచ్చుకోవమ్మా. గ్యారంటీ!"