తువ్వాలు కింద బొటనవేలు

మా మేనమామ పోయాడని ఆయన కూతురు నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయాడు బావా" అంది. ముందు ఎవరు చూశారు, రాత్రి నలతగా ఏమైనా ఉన్నాడా అని అడిగాను. "వార్త రాసుకుంటున్నావా?" అంది. విలేకరి అలవాటు. దేన్నీ ఊరికే నమ్మకపోవడంలో మామయ్య నాకంటే ఎక్కువ.

ఆయన గుంటూరులో ఒక షావుకారు తరఫున మిర్చి బేరాలు చేసేవాడు. పాత పద్ధతి. రైతు చేతిమీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు నొక్కుతారు. ఎన్ని వేళ్లు నొక్కితే ధర మీద అన్ని వందలు పెంచినట్టు. అది రైతుకు తెలుస్తుంది, పక్కనున్నవాడికి తెలియదు. మిర్చి యార్డులోకి కంప్యూటర్ వేలం వచ్చాక కూడా కోల్డ్ స్టోరేజీల దగ్గర కొందరు ఇలాగే బేరమాడేవారు.

కూతురు చదువుకునే రోజుల్లో కొన్న వీడియో గేమ్ పెట్టె ఆమె పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నాలు మామయ్యా నేనూ ఆడేవాళ్లం. అందులో నలుగురు వీరుల జట్టు. మామయ్య వాళ్లకు మిరపకాయల పేర్లు పెట్టాడు. మంటలు విసిరే అమ్మాయి తేజ. ఒళ్లంతా ముడతలున్న బండమనిషి బాడిగ. ఎగిరేవాడు సన్నం. ఎప్పుడూ ముందుగా పడిపోయేవాడు తాలు, అంటే రంగు పోయిన పనికిరాని కాయ.

"మనం ఇద్దరమే కదా, మిగతా ఇద్దర్నీ ఎవడాడిస్తున్నాడ్రా?"

"పెట్టే ఆడిస్తుంది మామయ్యా."

"మరి శత్రువుల్ని?"

"అదే."

"రెండువైపులా ఒకడే దళారీ అన్నమాట. ఇంక మనం గెలిచామంటే వాడు గెలవనిచ్చినట్టేగా!"

ఆటలో ఆయన పడిపోయినప్పుడు పెట్టె ఆడించే సన్నం వచ్చి లేపినా సంతోషించేవాడు కాదు. "జీతం లేకుండా మనవైపు కొట్లాడేవాణ్ణి ఓ కంట కనిపెట్టాలి అల్లుడూ" అనేవాడు.

ఒక వేసవిలో ఉన్నట్టుండి, ఆడేటప్పుడు చేతుల మీద తువ్వాలు కప్పుకోవడం మొదలుపెట్టాడు. "బేరంలో చెయ్యి చూపించే ఎదవుంటాడా?" అన్నాడు. నవ్వాను గానీ నమ్మలేదు. ఆయన ఆడించే తేజ పరిగెడుతోంది, తప్పుకుంటోంది, మంట మాత్రం విసరడం లేదు.

ఆ రోజుల్లోనే యార్డులో ఒక మాట పుట్టింది. ప్రకాశం వైపు రైతు ఒకాయన, మామయ్య నాలుగు వేళ్లే నొక్కాడని బేరం వదిలేసి, సరుకు ఇంకో వ్యాపారికిచ్చాడు. షావుకారు ఐదు నొక్కమన్నాడని తర్వాత తెలిసింది. మామయ్య ఆ రెండో వ్యాపారికి అమ్ముడుపోయాడన్నారు. నాకూ అనుమానం వచ్చింది. ఆదివారం నేరుగానే అడిగాను.

ఆయన ఆట ఆపాడు. "చెయ్యి పెట్టు" అన్నాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టాను. నొక్కాడు.

"ఎంత?"

"నాలుగు."

"నేను చెప్పింది ఐదురా."

తువ్వాలు తీశాడు. నాలుగు వేళ్లు నా వేళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బొటనవేలు నా చేతికి ఆనుకుని ఊరికే పడి ఉంది.

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"దొంగంటే ఇంకో నాలుగు రోజులు బేరానికి పిలుస్తారు. యార్డులో దొంగలకేం కరువు? వేలు పడిపోయిందంటే రేపట్నుంచి నా చేతికింద చెయ్యెవడు పెడతాడు?" "పేపర్లో రాస్తావా?" అన్నాడు. రాయనన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

ఆ వారంలోనే ఆయన ఆ రైతును పిలిపించి, షావుకారు ముందు, పదిమందిలో, తువ్వాలు లేకుండా చెయ్యి చాపాడు. వేలు కదపబోయి, కదలకపోవడం అందరికీ చూపించాడు. ఆ రోజుతో ఆయన బేరాలు ముగిశాయి. ఇది షావుకారు ఒక్కడే చెప్పుంటే నమ్మి ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఆ రైతు నిన్న శవం దగ్గరికొచ్చి, "దొంగని నోరు జారానండీ, ఆయన చెయ్యి చూశాక అన్నం సయించలా" అన్నాడు.

అది నిజాయితీ అని ఇంటికొచ్చినవాళ్లంతా అన్నారు. అయ్యుండొచ్చు. సంగతి తెలిసిన విలేకరిని, నేను బయటపెట్టేలోపు తానే చెప్పేద్దామనుకున్నాడేమో కూడా. ఎన్నోసార్లు అడిగాను. "నువ్వేమనుకుంటే అదే" అని తప్పించుకునేవాడు. ఈ రెండింటిలో ఏది నిజమో తెలియకుండానే ఆయన్ని సాగనంపాను. నాకు తెలిసిందల్లా, ఆ తర్వాత ఆయన ఎవరి చేతి మీదా తువ్వాలు కప్పలేదు.

ఆట మాత్రం మానలేదు. ఒకే రిమోట్‌ను ఇద్దరం పట్టుకునేవాళ్లం. ఎడంచేత్తో తేజను ఆయన పరిగెత్తించేవాడు, కుడి బొటనవేలితో నొక్కాల్సిన మంట మీటలు నేను నొక్కేవాణ్ణి. తెరమీద శత్రువులు గుంపుగా మీదపడుతున్నా ఆయన అటు చూసేవాడు కాదు. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నా బొటనవేలినే చూస్తూ కూర్చునేవాడు.